పందొమ్మిదోవాడు

2004 సీజన్‌లో అది ఆఖరి రౌండు. ఆగస్టు చివరి ఆదివారం మధ్యాహ్నం, మెల్‌బోర్న్‌లో బంతిని చేత్తో పట్టి కాలితో తన్నే ఆస్ట్రేలియా తరహా ఫుట్‌బాల్ ఆడే రెండు క్లబ్బులు ఎలాగైనా ఓడిపోవాలన్న పట్టుదలతో మైదానానికి వచ్చాయి. ఒకటి మెర్రిడేల్, రెండోది కెల్స్‌బరో. ఓడిపోవడంలో ఏడాది పొడవునా రెండింటిదీ అందెవేసిన చెయ్యే. కాని ఆ రోజు ఇద్దరిలో ఒకరు గెలిచి తీరాలి. అదే వచ్చిన చిక్కు.

లీగ్ పెట్టిన నియమం అలాంటిది. ఇరవై రెండు ఆటల్లో ఐదుకు మించి గెలవని జట్టు మీద పెద్దలు జాలిపడతారు. నవంబరులో కొత్త కుర్రాళ్లను పంచుకునే డ్రాఫ్ట్‌లో ఆ జట్టుకు అందరికన్నా ముందు ఒకణ్ణి ఏరుకునే అవకాశం ఇస్తారు. రెండు క్లబ్బులూ ఐదేసి గెలిచి కూర్చున్నాయి. ఆరోది గెలిచినవాడికి జాలి ఉండదు. ఓడినవాడికి మాత్రం హామిల్టన్ అనే ఊరి పక్కన గొర్రెల ఫారంలో పెరిగిన ఆరడుగుల ఎనిమిదంగుళాల కుర్రాడు దక్కుతాడు. వాడి పేరు అట్టల మీద రాసుకుని వచ్చిన మెర్రిడేల్ అభిమానులు గోలు వెనక వరుసల్లో వందమందైనా ఉన్నారు. సొంత జట్టు మఫ్లర్ మెడకు చుట్టుకుని, ఎదుటి జట్టు గోలుకు చప్పట్లు కొట్టే జాతి అది.

డగ్ ప్రెండర్‌గాస్ట్ వాళ్లను చూసి గడ్డి మీద ఉమ్మేశాడు. తర్వాత తనకు ఆ హక్కు ఉందా అని కూడా అనుకున్నాడు.

డగ్ మెర్రిడేల్ జట్టుకు రన్నర్. వయసు నలభై నాలుగు. కోచ్ స్టాండు పైన గాజు గదిలో కూర్చుంటాడు. అక్కణ్ణుంచి బెంచీ దగ్గరున్న ఫోనుకు మాట వస్తుంది. కళ్లు పొడిచే పసుపు చొక్కా వేసుకుని, ఆట నడుస్తుండగానే మైదానంలోకి పరుగెత్తి, ఆ మాటను ఆటగాడి చెవిలో వేసి రావడం డగ్ పని. అతని నోటివెంట వచ్చిందే కోచ్ మాట. కోచ్ నిజంగా అన్నాడా అని ఆటగాడు అడగడు. అడిగినా తేల్చుకునే దారి లేదు. ఆటలో ఎవరి చోటు ఎక్కడో, ఎవరు బయటికి రావాలో అంతా ఆ పసుపు చొక్కా చెప్పినట్టే జరుగుతుంది.

జూన్ నుంచి డగ్ మోసిన మాటలు అతనికే కంపు కొడుతున్నాయి. గోలు మీద గోలు కొట్టే ఫుల్‌ఫార్వర్డ్‌ను వెనక్కి పంపి రక్షణలో నిలబెట్టమన్నారు. ఎడమకాలి ఆటగాణ్ణి కుడి అంచుకు తొయ్యమన్నారు. గురువారం మీటింగులో కూడా ఓడమని ఒక్కడూ అనలేదు. ఫుట్‌బాల్ మేనేజర్ క్రెయిగ్ డెల్‌బ్రిడ్జ్, జన్మలో బూటుకు బురద అంటనివాడు, భవిష్యత్తు అనే మాట పదకొండుసార్లు వాడాడు. డగ్ లెక్కపెట్టాడు. కోచ్ గ్రాంట్ విట్లో తల ఊపాడు. అతని కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగిస్తారన్న మాట అప్పటికే పత్రికల్లో వచ్చేసింది మరి. రెండు వారాల్లో ఎనిమిదిమంది మంచి ఆటగాళ్లను ఆపరేషన్లకు పంపేశారు. వాళ్లలో ఒకడికి వేలు బెణికింది, అంతే. దొంగతనం చేసేవాడికైనా తాను దొంగనని తెలుస్తుంది. వీళ్లకు అదీ లేదు. వీళ్లు దాన్ని ప్రణాళిక అంటారు.

ఆటగాళ్లకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. వాళ్లు ప్రతి వారం గెలవాలనే దిగారు, ఎందుకు ఓడుతున్నామో తెలియక ఒకరినొకరు తిట్టుకున్నారు.

వాళ్ల కెప్టెన్ చార్లీ ఫరూజియా. ముప్పై మూడేళ్లవాడు, గోలు ముందు నిలబడే ఫుల్‌బ్యాక్. పడమటి శివార్లలోని మాల్టా కుటుంబం నుంచి వచ్చి, పన్నెండేళ్లుగా ఈ ఒక్క క్లబ్బుకే ఆడి ముక్కు మూడుసార్లు పగలగొట్టుకున్నాడు. ఇదే అతని ఆఖరి ఆట. ఆటకు ముందు డ్రెస్సింగ్ రూమ్‌లో చీలమండకు పట్టీ చుట్టించుకుంటూ డగ్‌ను దగ్గరికి పిలిచాడు. వీడ్కోలు ప్రసంగాలూ జ్ఞాపికగా ఇచ్చే గాజు పళ్లేలూ తనకేమీ అక్కర్లేదన్నాడు.

"పాట పాడి పోవాలి రా. అంతే," అన్నాడు.

ఏ పాటో డగ్ అడగలేదు. గెలిచిన జట్టే డ్రెస్సింగ్ రూమ్‌లో భుజాల మీద చేతులేసుకుని గుండ్రంగా నిలబడి క్లబ్బు పాట పాడుతుంది. ఓడినవాళ్లు పాడరు. మెర్రిడేల్ ఆ పాట పాడి పన్నెండు వారాలైంది.

"పాడతావులే," అన్నాడు డగ్. అన్నాక బూటు లేసు కట్టుకునే నెపంతో కిందికి వంగాడు.

*

ఆట మొదలైంది. చినుకులు పడుతున్నాయి. మూడు క్వార్టర్లు గడిచేసరికి గాజు గదిలో పరిస్థితి చెయ్యి దాటింది.

తప్పు మెర్రిడేల్‌ది కాదు. వాళ్లు చెయ్యగలిగినంత చెడ్డ పని చేశారు. కాని కెల్స్‌బరో అంతకన్నా ఘనులు. తమకున్న ఒక్క మంచి సెంటర్ ఆటగాణ్ణి రెండో క్వార్టర్‌లోనే బెంచీ మీద కూర్చోబెట్టి, కాలికి ఐసు మూట కట్టారు. వాడు ఆ ఐసు మూట వైపూ, బాగానే ఉన్న తన కాలి వైపూ అయోమయంగా చూస్తున్నాడు. ఇటువైపు వెనక్కి నెట్టిన ఫుల్‌ఫార్వర్డ్ టాడ్ బెన్యన్ విసుగెత్తి బంతిని అరవై మీటర్లు తన్నితే, అది నేల మీద దొర్లి దొర్లి గోలులోకి పోయింది. ఆపడానికి అక్కడ కెల్స్‌బరోవాడు ఒక్కడూ లేడు. వాళ్ల రక్షణవాళ్లందర్నీ వాళ్ల కోచ్ ముందుకు పంపేశాడు.

చివరి క్వార్టర్‌లో ఇంకా తొమ్మిది నిమిషాలుందనగా మెర్రిడేల్ తొమ్మిది పాయింట్ల ఆధిక్యంలో ఉంది. గోలుకు ఆరు, పక్క స్తంభాల సందులో పోతే ఒకటి. అంటే గోలున్నర ముందు. చార్లీ రొమ్ము నిండా బురదతో ఒక బంతి పట్టి, బెంచీ వైపు చూసి డగ్‌కు పిడికిలి చూపించాడు.

అప్పుడు ఫోను మోగింది. డగ్ ఎత్తాడు. కోచ్ గొంతు కాదు, డెల్‌బ్రిడ్జ్ గొంతు. ఎవరైనా వింటారేమోనన్నట్టు మెల్లగా మాట్లాడుతున్నాడు.

"మార్ష్‌ను లోపలికి పంపు."

"ఎవరు బయటికి రావాలి?"

"ఎవరూ రానక్కర్లేదు."

డగ్ రిసీవర్ చెవి దగ్గరే పెట్టుకుని గాజు గది వైపు తల తిప్పాడు. మైదానంలో ఒక్కో జట్టుకు పద్దెనిమిదిమందే ఉండాలి. ఎదుటి జట్టుకు ఒకడు ఎక్కువగా కనిపిస్తే, కెప్టెన్ అంపైరును అడిగి తలలు లెక్కపెట్టించవచ్చు. అప్పుడు ఆట ఆగుతుంది. ఇరు జట్లనూ వరుసలో నిలబెట్టి లెక్కిస్తారు. పందొమ్మిది తేలితే, ఆ జట్టు అప్పటిదాకా చేసిన స్కోరంతా తుడిచిపెట్టుకుపోతుంది. నూరేళ్ల నాటి నియమం అది. అసలు వాడినవాళ్లే అరుదు. డెల్‌బ్రిడ్జ్ రెండు రోజులుగా నియమాల పుస్తకం తిరగేస్తుంటే డగ్ చూశాడు, ఇందుకోసమన్నమాట.

"అలా చేస్తే అంతా పోతుంది," అన్నాడు డగ్.

"పొరపాట్లు జరుగుతుంటాయి. వచ్చే ఏడాది అసిస్టెంట్ కోచ్‌ల లిస్టులో నీ పేరు పైనే ఉంది డగ్, తెలుసుగా."

డగ్ ఫోను పెట్టేశాడు. మూడు నెలలుగా ఆ లిస్టు కోసమే నోరు మూసుకున్నాడు. బెంచీ మీద పేట్రిక్ మార్ష్ అనే ఇరవై నాలుగేళ్ల వింగ్ ఆటగాడు ఉన్నాడు. బుర్రలో పెద్దగా ఏమీ ఉండదు, పరుగు మాత్రం బాగా వస్తుంది. డగ్ వాడి వీపు తట్టాడు. వాడు సంతోషంగా గీత దాటి లోపలికి దూకాడు.

డగ్‌కు తన చెయ్యి మీద తనకే రోత పుట్టింది. కాని ఆ చెయ్యి అప్పటికే పని కానిచ్చేసింది.

*

కెల్స్‌బరో కెప్టెన్ వెస్ హాలొరన్ గుడ్డివాడేమీ కాదు. నిమిషంలోపే పసిగట్టాడు. మైదానం మధ్య నిలబడి వేలు ఆడిస్తూ మెర్రిడేల్ వాళ్లను లెక్కపెట్టాడు, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. అంపైరు వైపు రెండు అడుగులు వేశాడు.

అంతలో కెల్స్‌బరో బెంచీ నుంచి ఇంకో పసుపు చొక్కా, పడీ లేచీ పరుగెత్తుకొచ్చింది. అది స్పడ్ కినాన్. డగ్ ఆడే రోజుల్లో అతని మీద ఎనిమిదేళ్లు మోచేతులు విసిరినవాడు, ఇప్పుడు కెల్స్‌బరో రన్నర్. హాలొరన్ చెవిలో ఏదో చెప్పాడు. హాలొరన్ మొహం ఎర్రబడింది. అంపైరు వైపు వేసిన ఆ రెండు అడుగులు వెనక్కి వేశాడు.

తిరిగి వెళుతూ స్పడ్ డగ్ పక్కకొచ్చి పరుగు తగ్గించాడు. పందెంలో నెగ్గినవాడిలా పళ్లు ఇకిలిస్తున్నాడు.

"పందొమ్మిదేగా? ఇంకొకణ్ణి కావాలంటే పంపుకోండి. లెక్కపెట్టొద్దని పైనుంచి మాట."

"మీవాళ్లు చూశారా?"

"చూడటమేంట్రా, మా గాజు గదిలో చప్పట్లు కొడుతున్నారు. పందొమ్మిదిమంది ఉంటేనన్నా గెలుస్తారేమో చూడండి."

డగ్‌కు నవ్వు వచ్చింది. మెర్రిడేల్ ఓడడం కోసం ఒకణ్ణి ఎక్కువగా పంపింది. కెల్స్‌బరో ఓడడం కోసం వాణ్ణి చూడనట్టు నటిస్తోంది. పదకొండు వేలమంది వానలో తడుస్తూ, మాంసం కూరిన పైలు తింటూ, ఈ సంబరం చూస్తున్నారు. గాజు గదుల్లో తెలివైనవాళ్లమని అనుకుంటున్న రెండు మందలు మాత్రం మేకలకన్నా తక్కువ తెలివి చూపిస్తున్నాయి.

చివరికి పందొమ్మిదిమందితో మెర్రిడేల్ ఒక్క పాయింటు కూడా చెయ్యలేకపోయింది. పైపెచ్చు, చోట్లు కలగాపులగమై మార్ష్ సొంతవాణ్ణే గుద్దుకుని పడితే, ఆ సందులో కెల్స్‌బరో కుర్రాడెవడో బుద్ధిలేక గోలు కొట్టేశాడు. తేడా మూడు పాయింట్లకు దిగింది. డెల్‌బ్రిడ్జ్ ఊపిరి పీల్చుకుని ఉంటాడు. అటు కెల్స్‌బరో గాజు గదిలో ఎవడో బల్ల గుద్దాడు.

గోలు తర్వాత బంతి మధ్యకు వెళుతుండగా చార్లీ ఒక్కసారి వెనక్కి తిరిగాడు. ఫుల్‌బ్యాక్ చోటు నుంచి మైదానం మొత్తం కనిపిస్తుంది. పన్నెండేళ్లుగా అక్కడ నిలబడి ఎవడెక్కడున్నాడో చూడటమే అతని పని. డగ్‌కు చెయ్యి ఊపాడు. డగ్ పరుగెత్తాడు. వెళ్లకుండా ఉంటే బాగుండుననిపించింది.

"మనం ఎంతమందిమి రా?" అన్నాడు చార్లీ.

డగ్ అబద్ధం చెప్పలేకపోయాడు. "పందొమ్మిది."

"పొరపాటా?"

డగ్ గాజు గది వైపు చూశాడు. చార్లీ అతని మొహం వైపే చూస్తున్నాడు. వాన నీళ్లు వంకర ముక్కు మీదుగా కారుతున్నాయి. జూన్ నుంచి జరిగినవన్నీ, వెనక్కి పోయిన ఫుల్‌ఫార్వర్డ్, ఎనిమిది ఆపరేషన్లు, అర్థం లేని మార్పులు, ఒకదాని వెంట ఒకటి అతని కళ్లలో సర్దుకోవడం డగ్‌కు కనిపించింది.

"ఈ లెక్కతో గెలిచి నేను ఆ పాట పాడాలా?" అన్నాడు చార్లీ. గొంతు పెంచలేదు. "నువ్వు కూడానా, డగ్?"

అంతే అన్నాడు. తిరిగి తన చోటికి నడిచాడు. అతన్ని ఆ నడకతో ఎప్పుడూ చూడలేదు డగ్. ముక్కు పగిలిన రోజు కూడా చార్లీ పరుగెత్తాడు.

*

ఇంకా ఐదున్నర నిమిషాలుంది.

డగ్ బెంచీ వైపు చూశాడు. ట్రైనర్ కీత్ ఫోను పట్టుకుని పైకెత్తి ఊపుతున్నాడు. గాజు గది నుంచి కొత్త మాట వచ్చిందన్నమాట. అది చెవిన పడితే మొయ్యాలి. పడకపోతే మొయ్యనక్కర్లేదు. అంత చిన్న సంగతి మూడు నెలలుగా తనకెందుకు తోచలేదో అతనికి అర్థం కాలేదు. తోచకపోవడం కాదు, ఆ లిస్టు అడ్డం వచ్చింది.

డగ్ వెనక్కి తిరిగి మైదానంలోకే పరుగెత్తాడు.

మొదట మార్ష్‌ను పట్టుకున్నాడు. వెంటనే బయటికి పొమ్మని, బెంచీ మీద కూర్చుని లేవొద్దని చెప్పాడు. వాడు ఏం తప్పు చేశానని అడగబోయి, పసుపు చొక్కా చూసి ఊరుకుని పరుగెత్తాడు. ఇప్పుడు పద్దెనిమిదిమంది.

తర్వాత టాడ్ బెన్యన్. వాడు వెనక అంచులో చేతులు నడుం మీద పెట్టుకుని గడ్డి లెక్కపెడుతున్నాడు.

"ముందుకెళ్లు. నీ చోటికి."

"కోచ్ అన్నాడా?" టాడ్ నమ్మలేకపోయాడు.

"అన్నాడు."

రన్నర్ అయినప్పటినుంచి డగ్ ఏ కోచ్ నోటా వేరే మాట పెట్టలేదు. మొదటి అబద్ధం ఇంత హాయిగా ఉంటుందని అనుకోలేదు. తర్వాతవి ఇంకా తేలికయ్యాయి. ఎడమకాలివాణ్ణి ఎడమ అంచుకు పంపాడు. మధ్యలో పొట్టి రోవర్‌ను, జారిపడే బంతి ఏరుకునేవాణ్ణి, బంతి కిందికి తోశాడు. సొంతవాళ్లే అడ్డం పడకుండా ఇద్దర్ని దూరంగా నిలబెట్టాడు. ప్రతివాడితోనూ కోచ్ అన్నాడనే చెప్పాడు. జట్టు తన ఎముకలు తాను సర్దుకున్న మనిషిలా నిటారుగా నిలబడింది. పై గాజు గదిలో డెల్‌బ్రిడ్జ్ లేచి నిలబడి, రెండు చేతులూ అద్దానికి ఆనించి కిందికి చూస్తున్నాడు. విట్లో కుర్చీలోనే ఉన్నాడు. తన జట్టు సరిగా ఆడుతుంటే తల పట్టుకున్న కోచ్‌ను డగ్ అప్పుడే చూశాడు.

రెండు నిమిషాల్లో బెన్యన్ ఎగిరి బంతి పట్టి నలభై మీటర్ల నుంచి గోలు కొట్టాడు. తేడా తొమ్మిది. గోలు వెనక అట్టలు పట్టుకున్న అభిమానులు తమ జట్టును బూతులు తిట్టారు.

కాని కెల్స్‌బరోలోనూ మనుషులున్నారు. హాలొరన్ మొహంలో ఎరుపు ఇంకా దిగలేదు. స్పడ్ ఏదో చెప్పడానికి దగ్గరికొస్తే, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని దాటి వెళ్లిపోయాడు. ఐసు మూట కట్టుకున్న సెంటర్ ఆటగాడు దాన్ని విప్పి గడ్డి మీద పారేసి, బెంచీ మీది అసిస్టెంటును పక్కకు నెట్టి, ఒకణ్ణి బయటికి పిలిచి తాను లోపలికి దిగాడు. ఆ చివరి మూడు నిమిషాలూ ఏడాది మొత్తంలో మొదటిసారి రెండు జట్లు గెలవడానికి ఆడాయి. ఒకడి దవడ పగిలింది. ఒకడు బురదలో పది మీటర్లు జారుకుంటూ పోయి బంతి లాక్కున్నాడు. కెల్స్‌బరో ఒక గోలు కొట్టింది. తేడా మూడు.

చివరి అర నిమిషంలో హాలొరన్ ఇద్దరి భుజాల మీద మోకాళ్లు ఆనించి, గాల్లో బంతి పట్టుకున్నాడు. గోలుకు యాభై ఐదు మీటర్లు. అతను నేల మీద పడేలోపే సైరన్ మోగింది. గాల్లో బంతి పట్టినవాడికి అడ్డులేకుండా ఒకసారి తన్నే హక్కు ఉంటుంది కాబట్టి, ఆట అయిపోయినా ఆ తన్ను అతనిదే. లోపల పడితే కెల్స్‌బరో గెలుస్తుంది.

అటు గాజు గదిలో కెల్స్‌బరో పెద్దలు కళ్లు మూసుకున్నారు. ఇటు డెల్‌బ్రిడ్జ్ పెదవులు కదులుతున్నాయి. ఎదుటివాడు గోలు కొట్టాలని వాడు బహుశా దేవుణ్ణి ప్రార్థిస్తున్నాడు. అలాంటి ప్రార్థన వినాల్సిన ఖర్మ పట్టిన దేవుడి మీద డగ్‌కు జాలేసింది.

మెర్రిడేల్ వాళ్లంతా గోలు గీత మీద గుంపుకట్టారు. చార్లీ అందరికన్నా వెనక, స్తంభం పక్కన నిలబడ్డాడు. చీలమండ పట్టీ ఊడి బురదలో జీరాడుతోంది. హాలొరన్ పదిహేను అడుగులు పరుగెత్తి, ఒంట్లో ఉన్నదంతా పెట్టి తన్నాడు. తన్నిన కాలి కండరం పట్టేసి అక్కడే కూలబడ్డాడు. కావాలని గురి తప్పించేవాడి తన్ను కాదది. బంతి తడిసి బరువెక్కింది. గోలు గీత దాకా వచ్చి దిగుతోంది. పన్నెండు చేతులు పైకి లేచాయి. వాటి వెనకనుంచి పదమూడోది, అందరికన్నా ఒక జానెడు పైకి లేచి, పిడికిలితో బంతిని గుద్దింది. బంతి స్తంభం పక్కగా పోయింది. ఒక్క పాయింటు.

మెర్రిడేల్ రెండు పాయింట్లతో గెలిచింది. చార్లీ ఫరూజియా బురదలో బోర్లా పడి, లేవకుండా నవ్వుతున్నాడు.

*

డ్రెస్సింగ్ రూమ్‌లోకి టీవీ కెమెరా వచ్చింది. గెలిచిన జట్టు పాటను దేశమంతా ప్రత్యక్షంగా చూపించడం అలవాటు. అలాంటప్పుడు కోచ్ లేకపోతే బాగుండదు, మేనేజర్ లేకపోతే జనం ఎందుకని అడుగుతారు. కాబట్టి విట్లో, డెల్‌బ్రిడ్జ్ ఇద్దరూ వచ్చి గుండ్రంగా నిలబడాల్సి వచ్చింది. చార్లీ బురద చెయ్యి తీసి డెల్‌బ్రిడ్జ్ బూడిదరంగు సూటు భుజం మీద మెత్తగా వేశాడు. తర్వాత పాట ఎత్తుకున్నాడు. గొంతు బొంగురుపోయింది, శ్రుతి ఎప్పుడూ లేదు. రెండోసారి, మూడోసారి కూడా పాడించాడు. కెమెరా మొహం మీదికి వచ్చినప్పుడల్లా డెల్‌బ్రిడ్జ్ నోరు తెరిచి, పన్ను నొప్పితో ఉన్నవాడిలా నవ్వాడు.

డగ్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. పాడలేదు. చార్లీ రమ్మని తల ఊపాడు, అయినా వెళ్లలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా తాను మోసినవన్నీ ఐదున్నర నిమిషాలతో కడుక్కుపోవని అతనికి తెలుసు.

కెమెరా వెళ్లిపోయాక డెల్‌బ్రిడ్జ్ అతన్ని నడవలోకి తీసుకెళ్లాడు. భుజం మీద అయిదు వేళ్ల బురద ముద్ర అలాగే ఉంది. ఆ లిస్టు సంగతి మరిచిపొమ్మన్నాడు. రేపటినుంచి క్లబ్బు గేటు కూడా తొక్కొద్దన్నాడు. రాతపూర్వకంగా ఉత్తరం వస్తుందన్నాడు.

"అందులో ఏం రాస్తావు?" అన్నాడు డగ్.

"కోచ్ ఆదేశాలు పాటించలేదని."

"ఏ ఆదేశం?"

డెల్‌బ్రిడ్జ్ నోరు తెరిచాడు. నడవ చివర పత్రికలవాళ్లు ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకడు ఇటే చూస్తున్నాడు. డెల్‌బ్రిడ్జ్ నోరు మూసుకున్నాడు.

"రాయి, క్రెయిగ్. పూర్తిగా రాయి. చదవాలని ఉంది," అన్నాడు డగ్.

పసుపు చొక్కా తల మీదుగా లాగి, ఉండచుట్టి అతని చేతిలో పెట్టాడు. అది నీళ్లోడుతోంది. డెల్‌బ్రిడ్జ్ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఒంటికి దూరంగా పట్టుకుని నిలబడ్డాడు. డగ్ బనీనుతోనే వానలోకి, కారు దగ్గరికి నడిచాడు. ఆ ఉత్తరం కోసం సెప్టెంబరంతా పోస్టుమాన్‌ను అడుగుతూనే ఉన్నాడు. రాలేదు.